పరీక్ష గట్టెక్కినా నమోదు తప్పితే నష్టమే!

* ఎన్‌ఎంఎంఎస్‌కు ఎంపికైతే నాలుగేళ్లలో రూ.48 వేల సాయం
* పేరులో అక్షరం తేడాతో పేద విద్యార్థులకు దూరమవుతున్న ఉపకారవేతనం
* ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ వరకు ఏ దశలో ఏం చేయాలి?

పల్లెల్లో పేద పిల్లల చదువుకు తొలి గండం ఎనిమిదో తరగతి పూర్తయ్యాకే ఎదురవుతోంది. 2009లో వచ్చిన ఉచిత, నిర్బంధ విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వరకు, అంటే ఎనిమిదో తరగతి వరకే వర్తిస్తుంది. ఆపై చదువుకు దూరం పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. కూలి పనులకు వెళితే చేతికి నాలుగు డబ్బులు వస్తాయన్న ఆలోచన ఇంట్లో మొదలయ్యేదీ అప్పుడే. సరిగ్గా ఈ దశలో ప్రతిభ గల పేద విద్యార్థులు బడి మానకుండా చూసేందుకు కేంద్ర ప్రభుత్వం 2008లో జాతీయ ప్రతిభా ఉపకారవేతన పథకాన్ని ప్రారంభించింది. ఎన్‌ఎంఎంఎస్‌గా అందరికీ తెలిసిన ఈ పథకం కింద దేశవ్యాప్తంగా ఏటా లక్ష మందిని కొత్తగా ఎంపిక చేస్తారు. ఇందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087 కాగా, తెలంగాణ వాటా 2,921.

పరీక్ష కోసం ఉపాధ్యాయులు ప్రత్యేక తరగతులు నిర్వహిస్తున్నారు. విద్యార్థులు కష్టపడి చదువుతున్నారు. ఫలితాలు వచ్చిన రోజు పాఠశాలలో అభినందన సభ జరుగుతుంది, మిఠాయిలు పంచుతారు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతోంది. మెరిట్ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఖాతాలో డబ్బు పడదు. తొమ్మిదో తరగతిలో చేరిన వెంటనే జాతీయ ఉపకారవేతనాల పోర్టల్‌లో విడిగా దరఖాస్తు చేసుకోవాలి. దాన్ని రెండు స్థాయుల్లో అధికారులు ధ్రువీకరించాలి. ఏటా పునరుద్ధరించుకోవాలి. ఈ సంగతి తెలియకో, తెలిసినా గడువు దాటిపోయో, ధ్రువపత్రాల్లో పేర్లు కలవకో కొందరు విద్యార్థులు కష్టపడి గెలుచుకున్న సాయాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

ఎవరు అర్హులు?

ఎనిమిదో తరగతి చదువుతున్న విద్యార్థులు మాత్రమే ఈ పరీక్ష రాయాలి. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్, పురపాలక, ఎయిడెడ్ పాఠశాలలతో పాటు వసతి సౌకర్యం లేని ఆదర్శ పాఠశాలల విద్యార్థులకు అవకాశం ఉంది. ప్రైవేటు పాఠశాలలు, కేంద్రీయ, నవోదయ, సైనిక్ పాఠశాలల్లో చదివేవారు అనర్హులు. ప్రభుత్వమే భోజనం, వసతి కల్పిస్తున్న గురుకులాల విద్యార్థులకూ ఇది వర్తించదు.

ఏడో తరగతిలో 55 శాతం మార్కులు వచ్చి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 50 శాతం చాలు. తల్లిదండ్రుల వార్షికాదాయం అన్ని వనరుల నుంచి కలిపి రూ.3.50 లక్షలు మించకూడదు. ఒకప్పుడు రూ.1.50 లక్షలుగా ఉన్న ఈ పరిమితిని తర్వాత పెంచారు. పాత పరిమితినే గుర్తుంచుకుని తాము అర్హులం కామని భావించే చిన్న ఉద్యోగులు, చిరు వ్యాపారులు ఇప్పటికీ ఉన్నారు. వారి పిల్లలు ప్రభుత్వ బడిలో చదువుతుంటే నిస్సంకోచంగా దరఖాస్తు చేసుకోవచ్చు.

సాయం మొత్తం కూడా పెరిగింది. తొలినాళ్లలో నెలకు రూ.500 చొప్పున ఏడాదికి రూ.6 వేలు ఇచ్చేవారు. 2017 ఏప్రిల్ నుంచి దాన్ని నెలకు రూ.వెయ్యికి, అంటే ఏడాదికి రూ.12 వేలకు పెంచారు. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు కలిపి నాలుగేళ్లలో ఒక్కో విద్యార్థికి రూ.48 వేలు అందుతాయి. వ్యవసాయ కూలీ కుటుంబానికి పుస్తకాలు, సైకిలు, పొరుగూరి బడికి రాకపోకలు, పరీక్ష రుసుముల వంటి ఖర్చుల్లో ఇది చెప్పుకోదగ్గ ఆసరా.

పరీక్ష ఎలా ఉంటుంది?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగం ఈ పరీక్షను నిర్వహిస్తోంది. సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలల్లో ఒక ఆదివారం ఉంటుంది. 2024లో తెలంగాణలో నవంబరు 24న, ఆంధ్రప్రదేశ్‌లో డిసెంబరు 8న జరిగింది. ప్రకటన రెండు, మూడు నెలల ముందే వెలువడుతుంది. దరఖాస్తును పాఠశాల ప్రధానోపాధ్యాయుడి ద్వారా ఆన్‌లైన్‌లో సమర్పించాలి. రుసుము ఓసీ, బీసీలకు రూ.100, ఎస్సీ, ఎస్టీలకు రూ.50గా ఉంటోంది.

ప్రశ్నపత్రంలో రెండు భాగాలుంటాయి. మొదటిది మానసిక సామర్థ్య పరీక్ష. ఇందులో 90 ప్రశ్నలు. రెండోది పాఠ్యాంశాల పరీక్ష. ఇందులోనూ 90 ప్రశ్నలే. సామాన్య శాస్త్రం నుంచి 35, సాంఘిక శాస్త్రం నుంచి 35, గణితం నుంచి 20 ప్రశ్నలు వస్తాయి. ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలే వీటికి ఆధారం. మొత్తం 180 ప్రశ్నలకు 180 నిమిషాల వ్యవధి, అంటే ఒక్కో ప్రశ్నకు ఒక్క నిమిషమే. నాలుగు ఐచ్ఛికాల్లో సరైనదాన్ని ఎంచుకుని ఓఎంఆర్ పత్రంలో గుర్తించాలి. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

గ్రామీణ విద్యార్థులు ఎక్కువగా తడబడేది మానసిక సామర్థ్య పరీక్షలోనే. ఈ తరహా ప్రశ్నలు పాఠ్యపుస్తకాల్లో కనిపించకపోవడమే దీనికి కారణం. వీటికి కావాల్సింది బట్టీ కాదు, సాధన. ఉదాహరణకు 4, 9, 19, 39 తర్వాత వచ్చే సంఖ్య ఏదని అడిగారనుకుందాం. ప్రతి సంఖ్యను రెట్టింపు చేసి ఒకటి కలిపితే తర్వాతి సంఖ్య వస్తోంది. కాబట్టి జవాబు 79. ఈ రోజు బుధవారమైతే 45 రోజుల తర్వాత ఏ వారమన్నది మరో తరహా ప్రశ్న. 45ను 7తో భాగిస్తే శేషం 3. బుధవారం నుంచి మూడు రోజులు లెక్కిస్తే శనివారం. మార్గం తెలిసిన విద్యార్థికి ఇలాంటివి అర నిమిషం పని. తెలియనివారు వేళ్ల మీద లెక్కిస్తూ ఐదు నిమిషాలు పోగొట్టుకుంటారు. రోజుకు పది ప్రశ్నల చొప్పున రెండు నెలలు సాధన చేసినా 600 ప్రశ్నలు పూర్తవుతాయి. దీనికి ఖరీదైన శిక్షణ కేంద్రాలు అక్కర్లేదు. పాత ప్రశ్నపత్రాలు, గడియారం, ఉపాధ్యాయుడి పర్యవేక్షణ ఉంటే సరిపోతుంది.

అర్హత సాధించాలంటే రెండు భాగాల్లో కలిపి 40 శాతం, అంటే 180కి 72 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం, అంటే 58 మార్కులు అవసరం. అయితే అర్హత మార్కులు వచ్చిన వారందరికీ ఉపకారవేతనం రాదు. జిల్లాలవారీ కోటా, రిజర్వేషన్ల ప్రకారం మెరిట్ క్రమంలో ఎంపిక చేస్తారు. పోటీ సొంత జిల్లా విద్యార్థులతోనే కాబట్టి మారుమూల మండలాల వారికి కూడా మెరుగైన అవకాశం ఉంది.

అక్షరం తేడా.. అసలుకే మోసం

పథకంలో అత్యధిక నష్టం పేర్ల తేడా వల్లే జరుగుతోంది. తెలుగిళ్లలో పేరు రాసే పద్ధతి ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది. బడి రిజిస్టరులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంతో ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు చివర చేరుతుంది. ఇంగ్లిషు అక్షరాల్లోనూ ఇదే గందరగోళం. లత అన్న పేరును కొందరు ‘టీ’తో, కొందరు ‘టీహెచ్‌’తో రాస్తారు. లక్ష్మి పేరును ‘ఎక్స్‌’తో రాసేవారూ ఉన్నారు, ‘కేఎస్‌హెచ్‌’తో రాసేవారూ ఉన్నారు. మనుషులకు ఇవన్నీ ఒకటే. కంప్యూటరుకు వేర్వేరు.

పరీక్ష దరఖాస్తులో రాసిన పేరే మెరిట్ జాబితాలో వస్తుంది. పోర్టల్‌లో నమోదు మాత్రం ఆధార్ ఆధారంగా జరుగుతుంది. విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రెండింట్లోనూ ఒకేలా లేకపోతే దరఖాస్తు ముందుకు సాగదు. అప్పుడు సవరణ కోసం పాఠశాల నుంచి జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయానికి, అక్కడి నుంచి పరీక్షల విభాగానికి తిరగాలి. ఈలోగా గడువు ముగిసిపోతుంది. కూలి మానుకుని తండ్రి, బడి మానుకుని కుమార్తె రోజుల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగినా ఫలితం దక్కని సందర్భాలుంటాయి.

దీనికి పరిష్కారం ఎనిమిదో తరగతిలోనే ఉంది. పరీక్ష దరఖాస్తు నింపే ముందు ఆధార్ కార్డును పక్కన పెట్టుకుని, అందులో ఉన్న అక్షరాలే వరుస తప్పకుండా నమోదు చేయించాలి. ఆధార్‌లోనే తప్పు ఉంటే ముందు దాన్ని సరిచేయించి, ఆ తర్వాత పాఠశాల రికార్డులో, యూడైస్‌లో సరిచూసుకోవాలి. దరఖాస్తు ప్రతిని విద్యార్థి ఇంటికి తీసుకెళ్లి తల్లిదండ్రులకు చూపించాలి. చదువు రాని తల్లిదండ్రులైతే ఇరుగుపొరుగున చదువుకున్న వారితో ఒకసారి చదివించుకోవాలి. అయిదు నిమిషాల ఈ పని నాలుగేళ్ల సాయాన్ని కాపాడుతుంది.

ఆధార్ విషయంలో మరో జాగ్రత్త అవసరం. చిన్నతనంలో ఆధార్ తీసుకున్న పిల్లలు 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాపల వివరాలను తప్పనిసరిగా నవీకరించుకోవాలి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య ఒకసారి ఇది ఉచితం. ఆ వయసు తొమ్మిది, పదో తరగతుల్లోనే వస్తుంది. నవీకరణ చేయించుకోకపోతే పునరుద్ధరణ సమయంలో ఆధార్ ధ్రువీకరణ విఫలమయ్యే ప్రమాదం ఉంది.

ఖాతా ఎవరి పేరిట?

ఉపకారవేతనం నేరుగా విద్యార్థి ఖాతాలోనే జమవుతుంది. ఇది ఏడాదికి ఒకేసారి వస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నిర్వహించుకునేందుకు 2014లోనే రిజర్వు బ్యాంకు వెసులుబాటు కల్పించింది. బ్యాంకులోనైనా, తపాలా పేమెంట్స్ బ్యాంకులోనైనా ఖాతా తెరవవచ్చు. ఖాతాకు ఆధార్ జత చేయించడంతో సరిపెట్టుకోకుండా, నగదు బదిలీకి ఆ ఖాతానే అనుసంధానమైందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి. రెండు, మూడు ఖాతాలున్నవారికి డబ్బు చివరిగా అనుసంధానమైన ఖాతాలో పడుతుంది. అది తెలియక సొమ్ము రాలేదని ఆందోళన చెందేవారూ ఉన్నారు.

రెండేళ్లు లావాదేవీలు లేని ఖాతాలు సాధారణంగా నిష్క్రియమవుతాయి. ఉపకారవేతనాల కోసం తెరిచిన ఖాతాలకు దీని నుంచి మినహాయింపు ఇవ్వాలని 2024 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించింది. అయినా ఏడాదికి ఒకటి, రెండుసార్లు వంద రూపాయలైనా వేసి తీయడం మంచిది.

తొమ్మిదో తరగతిలో తొలి పని

జాతీయ ఉపకారవేతనాల పోర్టల్ సాధారణంగా జూన్, జులై నెలల్లో తెరుచుకుంటుంది. ఎంపికైన విద్యార్థి ముందుగా ఒకసారి నమోదు ప్రక్రియను పూర్తి చేయాలి. ఆధార్ ధ్రువీకరణ తర్వాత 14 అంకెల సంఖ్య వస్తుంది. చదువు సాగినంత కాలం అదే సంఖ్య పనిచేస్తుంది కాబట్టి దాన్ని నోటు పుస్తకంలో, ఇంట్లో గోడ మీద కూడా రాసి పెట్టుకోవాలి. నమోదు సమయంలో నెట్ కేంద్రం నిర్వాహకుడి ఫోన్ నంబరు ఇవ్వడం చాలా చోట్ల పరిపాటిగా మారింది. మరుసటి ఏడాది సంకేత సంఖ్య ఆ ఫోనుకే వెళుతుంది. ఇంట్లో ఎవరో ఒకరి శాశ్వత నంబరే ఇవ్వాలి.

దరఖాస్తుకు తహసీల్దారు కార్యాలయం జారీ చేసిన ఆదాయ ధ్రువపత్రం, రిజర్వేషన్ వర్తించేవారికి కుల ధ్రువపత్రం, మార్కుల జాబితా అవసరం. వీటికి మీసేవలో ముందే దరఖాస్తు చేసుకుంటే చివరి రోజుల్లో హైరానా ఉండదు. ఎనిమిదో తరగతిలోనూ 55 శాతం మార్కులు తప్పనిసరి. ఎస్సీ, ఎస్టీలకు అయిదు శాతం సడలింపు ఉంది. పరీక్షలో ఎంపికయ్యాం కదా అని వార్షిక పరీక్షలను తేలిగ్గా తీసుకుంటే మొదటికే మోసం వస్తుంది.

బడి మారిన విద్యార్థులు మరింత అప్రమత్తంగా ఉండాలి. ప్రాథమికోన్నత పాఠశాలలో ఎనిమిది పూర్తి చేసినవారు తొమ్మిదికి ఉన్నత పాఠశాలకు వెళతారు. పరీక్ష రాయించింది ఒక బడి, దరఖాస్తు చేయించాల్సింది మరో బడి. పాత ప్రధానోపాధ్యాయుడు తన పని అయిపోయిందనుకుంటారు. కొత్త ప్రధానోపాధ్యాయుడికి ఆ విద్యార్థి ఎంపికైన సంగతే తెలియదు. ఈ మధ్యలో గడువు జారిపోతుంది. కాబట్టి కొత్త బడిలో చేరిన రోజే మెరిట్ జాబితాలోని వివరాలను తరగతి ఉపాధ్యాయుడికి అందజేయాలి. పోర్టల్‌లో కొత్త బడి కోడ్‌నే ఎంచుకోవాలి.

సమర్పించడంతో ముగియదు

విద్యార్థి దరఖాస్తు సమర్పించాక మొదట పాఠశాల నోడల్ అధికారి, తర్వాత జిల్లా నోడల్ అధికారి పరిశీలించి ఆమోదించాలి. ఈ రెండింటికీ వేర్వేరు గడువులుంటాయి. పాఠశాల స్థాయిలో ధ్రువీకరించకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ప్రధానోపాధ్యాయులు బదిలీ అయినప్పుడు పోర్టల్‌లో నోడల్ అధికారి వివరాలు మార్చకపోవడమూ జాప్యానికి కారణమవుతుంది. పత్రాల్లో లోపం ఉంటే దరఖాస్తును విద్యార్థికి తిప్పి పంపుతారు. దాన్ని సరిచేసి నిర్ణీత తేదీలోగా మళ్లీ సమర్పించాలి. అందువల్ల వారానికొకసారి దరఖాస్తు స్థితిని చూసుకోవడం తప్పనిసరి. రెండు స్థాయుల్లోనూ ఆమోదం కనిపించే వరకు పని పూర్తయినట్లు భావించకూడదు.

తర్వాతి మూడేళ్లూ పునరుద్ధరణ దరఖాస్తు పెట్టుకోవాలి. తొమ్మిది నుంచి పదికి, ఇంటర్ మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి తొలి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులు కావాలి. పదో తరగతిలో 60 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం సరిపోతుంది.

పది తర్వాత ఎటు?

చాలామంది ఉపకారవేతనం కోల్పోయే మరో దశ పదో తరగతి తర్వాత వస్తుంది. ఇంటర్‌ను ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కళాశాలలో చదివితేనే సాయం కొనసాగుతుంది. ప్రైవేటు జూనియర్ కళాశాలలో చేరితే ఆగిపోతుంది. పాలిటెక్నిక్, ఐటీఐ వంటి డిప్లొమా, సర్టిఫికెట్ కోర్సులకూ వర్తించదు. ఎటు వెళ్లాలన్నది కుటుంబం ఇష్టమే. పాలిటెక్నిక్‌తో త్వరగా ఉపాధి దొరుకుతుందనుకునేవారు ఆ బాటే పట్టవచ్చు. కాకపోతే రెండేళ్లకు రావాల్సిన రూ.24 వేలు వదులుకుంటున్నామన్న సంగతి తెలిసి నిర్ణయం తీసుకోవాలి. ఫీజు రాయితీ ఇస్తామంటూ ఇంటికి వచ్చే ప్రైవేటు కళాశాలల ప్రతినిధులు ఈ లెక్క చెప్పరు.

ఒకప్పుడు పదో తరగతి విద్యార్థులకు జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష ఉండేది. 1963లో మొదలైన ఆ పథకానికి 2021 మార్చి తర్వాత కొనసాగింపు ఆమోదం లభించక నిలిచిపోయింది. దీంతో ఉన్నత పాఠశాల స్థాయిలో ఎన్‌ఎంఎంఎస్ ప్రాధాన్యం మరింత పెరిగింది.

ఇంటర్ తర్వాత కూడా దారి మూసుకుపోలేదు. ఇంటర్ బోర్డు ఫలితాల్లో పైనున్న 20 శాతం మందిలో నిలిచి, కుటుంబ వార్షికాదాయం రూ.4.50 లక్షలలోపు ఉన్నవారు డిగ్రీలో చేరాక కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతనానికి ఇదే పోర్టల్‌లో పోటీ పడవచ్చు. దేశవ్యాప్తంగా ఏటా 82 వేల మందికి కొత్తగా ఇస్తారు. అందులో సగం బాలికలకే. డిగ్రీలో ఏడాదికి రూ.12 వేలు, పీజీలో రూ.20 వేలు అందుతాయి. ఎనిమిదో తరగతిలో పేరు, ఆధార్, ఖాతా వివరాలు చక్కదిద్దుకున్న విద్యార్థికి అప్పుడు మళ్లీ వెతుకులాట ఉండదు.

బాధ్యత అందరిదీ

పదమూడేళ్ల విద్యార్థి పోర్టల్ గడువులు గుర్తుంచుకుంటాడని ఆశించలేం. పరీక్షకు శిక్షణ ఇచ్చిన ఉపాధ్యాయులే ఎంపికైన వారి జాబితాను పాఠశాల నోటీసు బోర్డులో ఉంచి, ఏటా జులైలో ఒక రోజు కేటాయించి అందరి దరఖాస్తులు పూర్తి చేయిస్తే నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశాల్లోనూ దీన్ని చర్చించాలి. సందేహాలుంటే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలోని పరీక్షల విభాగాన్ని నేరుగా సంప్రదించాలి. డబ్బు మంజూరు చేయిస్తామంటూ ఫోనులో సంకేత సంఖ్య అడిగేవారిని నమ్మరాదు. రుసుములు, తేదీలు, నిబంధనలు మారే అవకాశం ఉన్నందున ఆ ఏడాది ప్రకటనను తప్పక చూసుకోవాలి.

గుర్తుంచుకోండి

* ఎనిమిదో తరగతి ఆరంభం: ఆధార్, బడి రికార్డుల్లో పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోవాలి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోవాలి.
* పరీక్ష దరఖాస్తు: ఆధార్‌లో ఉన్న పేరే నమోదు చేయించి, ప్రతిని భద్రపరచుకోవాలి.
* ఫలితాలు రాగానే: విద్యార్థి పేరిట ఖాతా తెరిచి, నగదు బదిలీకి ఆధార్ అనుసంధానం చేయించాలి.
* తొమ్మిదో తరగతి జూన్, జులై: పోర్టల్‌లో కొత్త దరఖాస్తు. ఈ అవకాశం జారితే మళ్లీ రాదు.
* పది, ఇంటర్ రెండేళ్లు: ఏటా పునరుద్ధరణ. రెండు స్థాయుల ఆమోదం వచ్చిందో లేదో చూసుకోవాలి.
* పదిహేనేళ్లు నిండాక: ఆధార్‌లో వేలిముద్రల నవీకరణ.